టెస్టులు పెట్టండి, ఆ రిజల్ట్ కాయితం పిల్లల చేతికి కూడా ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

నేను గవర్నమెంట్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైర్ అయ్యాను, ఇప్పటికీ పొద్దున్నే మా ఊళ్ళో కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలకి అథ్లెటిక్స్ నేర్పిస్తుంటాను. ఈమధ్య పేపర్లో టీవీలో ఎక్కడ చూసినా ఫిట్‌నెస్ టెస్టుల గురించే, యోయో అంట, ఒంట్లో కొవ్వు, ఎముకలు కొలిచే స్కాన్ డెక్సా అంట, కొత్తగా బ్రాంకో అనే పరుగు టెస్ట్ అంట, ఫలానా ప్లేయర్ పాసయ్యాడు ఫలానా ఆయన ఫెయిలయ్యాడు అని టెన్త్ రిజల్ట్స్ వేసినట్టు వేస్తున్నారు. వార్త వేయడంలో తప్పేం లేదు గానీ అసలు ఆ టెస్ట్ ఏం కొలుస్తుంది, ఎందుకు కొలుస్తారు, కొలిచాక ఏం చేయాలి అనేది ఎవరూ రాయట్లేదు, దాంతో మామూలు జనానికే కాదు మాలాంటి కోచ్‌ల్లో కూడా చాలామందికి టెస్ట్ అంటే మనిషిని టీమ్‌లోంచి తీసేయడానికి పెట్టేది అనే అర్థమే మిగిలింది. నాకు దీని మీద చాలా కాలంగా చెప్పాలని ఉంది, ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, వీలుంటే మొత్తం వేయండి.

అంబటి రాయుడు సంగతే తీసుకోండి. గుంటూరు కుర్రాడు, 2018 ఐపీఎల్‌లో చెన్నైకి 602 పరుగులు కొట్టాడు, ఆ ఊపులో ఇంగ్లండ్ వన్డే టూర్‌కి సెలెక్ట్ అయ్యాడు, తీరా జూన్‌లో బెంగళూరులో పెట్టిన యోయో టెస్ట్‌లో 16.1 రాలేదని పక్కన పెట్టేసి సురేశ్ రైనాని పంపించారు. అప్పుడు సగం మంది బ్యాటింగ్ చేసేవాడికి పరుగు పందెం ఎందుకు అని తిట్టారు, మిగతా సగం మంది ఫిట్‌నెస్ లేకపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే అన్నారు, ఆ 16.1 అంటే ఏంటో మాత్రం రెండు వైపులా చెప్పినవాళ్ళు తక్కువ. నేను చెప్తాను. 20 మీటర్లు వెళ్ళి మళ్ళీ 20 మీటర్లు వెనక్కి రావాలి, బీప్ సౌండ్ వచ్చేలోపు గీత దాటాలి, అలా ప్రతి 40 మీటర్లకీ 10 సెకన్లు నడిచి ఊపిరి తీసుకోవచ్చు, బీప్‌ల స్పీడ్ పెరుగుతూ పోతుంది, రెండుసార్లు లేటయితే అయిపోయినట్టే. డెన్మార్క్ సైంటిస్ట్ యెన్స్ బాంగ్స్‌బో దీన్ని ఫుట్‌బాల్ వాళ్ళ కోసం తయారుచేశాడు, ఎందుకంటే ఫుట్‌బాల్లో ఒకే స్పీడ్‌లో గంటన్నర పరిగెత్తరు, ఉరుకుతారు ఆగుతారు మళ్ళీ ఉరుకుతారు, ఆ ఆగిన కాసేపట్లో ఎంత కోలుకుంటున్నారు అనేదే అసలు విషయం. 16.1 అంటే మొత్తం కలిపి 1120 మీటర్లు. పెద్ద స్థాయి ఫుట్‌బాలర్లు ఇదే టెస్ట్‌లో 2 కిలోమీటర్లు దాటేస్తారు. కాబట్టి 16.1 అంటే కొండెక్కమన్నట్టేం కాదు, అలాగని 16.1 రానివాడు ఆటకి పనికిరాడనీ కాదు. రాయుడు కొన్ని వారాలు ప్రాక్టీస్ చేసి అదే టెస్ట్ పాసయ్యి సెప్టెంబర్‌లో ఆసియా కప్‌కి టీమ్‌లోకి వచ్చేశాడు. నాకు బాధ అనిపించేది ఎక్కడంటే, ఆ టెస్ట్ సెలెక్షన్ అయిపోయాక పెట్టారు. అదే టెస్ట్ ఐపీఎల్‌కి ముందే ఒకసారి పెట్టి, బాబూ నీకు ఇంత తక్కువ ఉంది, ఇదిగో ఈ ఎనిమిది వారాల ప్రోగ్రాం చెయ్యి, మళ్ళీ చూద్దాం అని ఉంటే ఆ టూర్ పోయేది కాదు, ఆ కుర్రాడి పేరు అలా రోడ్డు మీద పడేది కాదు.

మా వైపు రైతులు భూసార పరీక్షకి మట్టి పంపిస్తారు, రిపోర్ట్‌లో నత్రజని తక్కువ అని వస్తే ఎరువు మారుస్తారు, జింక్ లేదంటే జింక్ వేస్తారు, రిపోర్ట్ బాగాలేదని పొలం అమ్ముకున్నవాడిని నేనింతవరకు చూడలేదు. ఫిట్‌నెస్ టెస్ట్ కూడా అంతేనండి, ఏం తక్కువైందో తెలుసుకుని అది పెట్టడానికి. ఆ రెండో పని చేయకుండా మొదటి పని మాత్రం చేస్తే ఖర్చు దండగ, మనిషికి అవమానం.

ల్యాబ్ టెస్టుల గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ప్రతి రాష్ట్రమూ హై పెర్ఫార్మెన్స్ సెంటర్ అంటోంది, మెషిన్ల ఫోటోలు వస్తున్నాయి. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ మొహానికి మాస్క్ పెట్టి ఎంత ఆక్సిజన్ లోపలికి పోతోంది ఎంత బయటికి వస్తోంది అని చూస్తారు కదా, అది వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్ళు నిమిషానికి కేజీ బరువుకి గరిష్టంగా ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదు అనేది. ఇంగ్లండ్‌లో ఏ.వీ. హిల్ అనే ఆయన 1920ల్లో ఈ లెక్కకి దారి వేశాడు, కండరాల మీద పనికి ఆయనకి 1922 నోబెల్ కూడా ఇచ్చారు. మామూలు కుర్రాడికి ఇది 40 చుట్టుపక్కల ఉంటుంది, ప్రపంచ స్థాయి లాంగ్ డిస్టెన్స్ మగవాళ్ళకి 70 నుంచి 80 పైన కూడా ఉంటుంది. ఇంకోటి లాక్టేట్ టెస్ట్, లాక్టేట్ అంటే గట్టిగా పరిగెత్తినప్పుడు కండరాల్లోంచి రక్తంలోకి వచ్చే పదార్థం, స్పీడ్ పెంచుతూ మధ్యమధ్యలో చెవి తమ్మె నుంచో వేలి కొస నుంచో ఒక చుక్క రక్తం తీసి చూస్తారు, ఊరికే కూర్చున్నప్పుడు లీటర్ రక్తానికి సుమారు 1 మిల్లీమోల్ ఉంటుంది, ఏ స్పీడ్ దగ్గర అది గబుక్కున పైకి లేస్తుందో ఆ స్పీడ్ పట్టుకుంటే ట్రైనింగ్ ఎంత గట్టిగా చేయించాలో తెలుస్తుంది. ఒకప్పుడు జర్మనీ వాళ్ళు అందరికీ 4 మిల్లీమోల్ అని గీత గీశారు, తర్వాత వాళ్ళకే తెలిసింది ఆ గీత మనిషి మనిషికీ మారుతుందని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పౌలా రాడ్‌క్లిఫ్ అని బ్రిటన్ మారథాన్ ఆవిడ, 2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తి వరల్డ్ రికార్డ్ పెట్టింది, అది 16 ఏళ్ళు ఉంది. ఆవిడని టీనేజ్ నుంచి ఆండ్రూ జోన్స్ అనే ఫిజియాలజిస్ట్ ఏడాదికేడాది టెస్ట్ చేస్తూ వచ్చాడు. అందరూ అనుకుంటాం, రికార్డ్ కొట్టిందంటే వీఓటూ మ్యాక్స్ అలా పెరుగుతూ పోయుంటుందని. కాదండి. అది చిన్నప్పుడే 70 దగ్గర ఉంది, ఇంచుమించు అక్కడే ఉండిపోయింది. మారింది ఏంటంటే అదే స్పీడ్‌లో పరిగెత్తడానికి ఒంటికి పట్టే ఆక్సిజన్ తగ్గుతూ వచ్చింది, 1992 నుంచి 2003 లోపల సుమారు 15 శాతం మెరుగు. ఇదంతా ఒక్కసారి టెస్ట్ పెట్టి పాసు ఫెయిలు రాస్తే తెలిసే విషయమా? ఒకే మనిషిని, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి చూస్తేనే తెలుస్తుంది. మన దగ్గర అలా పదేళ్ళ రికార్డ్ ఉన్న ప్లేయర్ని ఒక్కరిని చూపించమనండి. కోచ్ మారితే ఫైల్ పోతుంది, హాస్టల్ మారితే ఫైల్ పోతుంది, ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయితే కంప్యూటర్ పాస్‌వర్డే పోతుంది.

ఇక నాకు బాగా తెలిసిన పిల్ల సంగతి రాస్తాను, పేరు వద్దు. 800 మీటర్లు పరిగెత్తేది, కూలి పనికి వెళ్ళే ఇంటి పిల్ల, మా గ్రౌండ్‌లోనే మొదలుపెట్టింది, బాగా చేస్తోందని ఒక రెసిడెన్షియల్ క్యాంప్‌కి తీసుకున్నారు. వెళ్ళిన మొదటివారమే అన్ని టెస్టులూ చేశారంట, బరువు, ఎత్తు, రక్తం, పరుగు అన్నీ. తర్వాత కొన్ని నెలలకి టైమింగ్ పడిపోవడం మొదలైంది. అక్కడ కోచ్ బద్ధకం అన్నాడు, ఫోన్ ఎక్కువ చూస్తోంది అన్నాడు, ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ కొట్టించాడు. వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేసి "మాస్టారూ, పిల్ల మెట్లెక్కితే ఆయాసపడుతోంది, వీళ్ళేమో నాటకం అంటున్నారు" అన్నాడు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పీహెచ్‌సీకి తీసుకెళ్ళి హిమోగ్లోబిన్ చూపిస్తే 8.5 ఉంది. క్యాంప్‌లో మొదటివారం తీసిన రక్తం రిపోర్ట్ అడిగితే ఆఫీసు ఫైల్లో ఉంది, తల్లిదండ్రులకి ఇచ్చే పద్ధతి లేదు అన్నారు. ఆ రిపోర్ట్‌లో ఏముందో ఇప్పటికీ ఆ తండ్రికి తెలీదు. తన కూతురి ఒంట్లో రక్తం గురించిన కాయితం అండి అది, ఆ పిల్లకి తప్ప అందరికీ అందుబాటులో ఉంది.

8.5 అంటే ఏంటో లెక్క చెప్తాను, 100 మిల్లీలీటర్ల రక్తంలో 8.5 గ్రాముల హిమోగ్లోబిన్ అని. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 13 ఉన్న పిల్లకి ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 17 మిల్లీలీటర్లకి పైన ఆక్సిజన్ ప్రయాణం చేస్తుంది, 8.5 ఉన్న పిల్లకి 11 చిల్లర. మూడో వంతు ఎగిరిపోయింది. ఇక ఆ పిల్ల చేత ఎన్ని రౌండ్లు కొట్టిస్తే మాత్రం టైమింగ్ ఎక్కడినుంచి వస్తుంది, గుండె ఇంకా గట్టిగా కొట్టుకుని అలిసిపోవడం తప్ప. ఐరన్ మాత్రలు, తిండి మార్పు, భోజనం అవగానే టీ తాగడం మానిపించడం, నిమ్మకాయో జామకాయో ఏదో పులుపు చేర్చడం, డాక్టర్ చెప్పినట్టు ఇవే చేశారు, నెమ్మదిగా కోలుకుంది. కానీ ఒక సీజన్ పోయింది, జూనియర్ నేషనల్స్ వయసు దాటిపోయింది, అది ఎవరు తెచ్చిస్తారు?

ఇది ఒక్క పిల్ల కథ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైన. మన స్పోర్ట్స్ హాస్టళ్ళకి వచ్చే ఆడపిల్లలు ఈ ఇళ్ళ నుంచే కదా వచ్చేది, ఆకాశం నుంచి ఊడిపడట్లేదు కదా. పైగా హిమోగ్లోబిన్ పడిపోయే ముందే ఒంట్లో ఐరన్ నిల్వలు కరిగిపోతాయి, అది ఫెరిటిన్ అనే టెస్ట్‌లో ముందే కనపడుతుంది. దానికి తోడు ఆడపిల్లలు తిన్నదానికంటే ఎక్కువ శక్తి ఖర్చుపెట్టేస్తే నెలసరి ఆగిపోవచ్చు, చాలామంది కోచ్‌లు అది మంచిదే గొడవ వదిలింది అనుకుంటారు, అది ఎముకలు బలహీనపడుతున్నాయని ఒళ్ళు పెడుతున్న కేక. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీని మీద హెచ్చరిక రాసి దానికో పేరు కూడా పెట్టింది, రెడ్-ఎస్ అని. మగ కోచ్‌ని అడగమంటే సిగ్గుపడతారు, పిల్లలు అసలే చెప్పరు, మరి ప్రతి క్యాంప్‌లో ఒక ఏఎన్‌ఎం అమ్మనో లేడీ టీచర్నో పెట్టి నెలకోసారి కూర్చోబెట్టి మాట్లాడించడానికి కోట్లు కావాలా?

గుండె సంగతి కూడా అంతే. 2021 యూరో కప్‌లో డెన్మార్క్ ప్లేయర్ ఎరిక్సన్ గ్రౌండ్‌లోనే కుప్పకూలిపోవడం అందరం టీవీలో చూశాం, అక్కడే గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉంది, వాడటం తెలిసిన డాక్టర్లున్నారు, బతికాడు, మళ్ళీ ఆడుతున్నాడు కూడా. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడేవాళ్ళకి ఈసీజీతో సహా గుండె పరీక్ష తప్పనిసరి, ఆ తర్వాత అక్కడ కుర్ర ప్లేయర్లు హఠాత్తుగా చనిపోవడం బాగా తగ్గిందని వెనెటో ప్రాంతం లెక్కలు చూపించాయి. ఇలాంటి ముందస్తు పరీక్ష అన్ని జబ్బుల్నీ పట్టుకోలేదు, అది ఎవరైనా ఒప్పుకోవాల్సిందే, అందుకే గ్రౌండ్‌లో ఆ డీఫిబ్రిలేటర్ కూడా కావాలి. మన జిల్లా మీట్లలో స్టేజీకి పూలదండలుంటాయి, మైకు ఉంటుంది, అంబులెన్స్ మాత్రం ముఖ్య అతిథి కారు వెనకాల వచ్చి ఆయనతోపాటే వెళ్ళిపోతుంది. ఇది మారాలి.

ఇప్పుడు మానిటరింగ్ అనే మాట. జీపీఎస్ జాకెట్లు, చేతికి స్ట్రాపులు, రింగులు, ఇవన్నీ మంచివే, ఉన్నవాళ్ళు వాడుకుంటారు. కానీ వీటికంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి, వాటికి ఒక నోట్‌బుక్కు పెన్ను చాలు. మా గ్రౌండ్‌లో పిల్లలు పొద్దున్న లేవగానే మంచం మీదే ఒక నిమిషం నాడి చూసుకుని రాసుకుంటారు. ఒక పిల్లాడికి రోజూ 56, 58 ఉండేది వరసగా రెండు రోజులు 70 వచ్చిందంటే వాడికి జ్వరం రాబోతోందో, నిద్ర లేదో, మొన్నటి ట్రైనింగ్ ఇంకా దిగలేదో, ఏదో ఒకటి ఉంది, ఆ రోజు స్పీడ్ వర్క్ ఆపేస్తాను. ఇంకొకళ్ళకి రోజూ 70 ఉండొచ్చు, అది వాడికి మామూలే. పక్కవాడితో పోల్చకూడదు, వాడిని వాడితోనే పోల్చాలి. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ట గుండె వేగం అనే ఫార్ములా జిమ్ముల్లో గోడలమీద రాసుంటుంది చూశారా, అది కూడా ఒక్కో మనిషికి పది పన్నెండు బీట్లు అటూ ఇటూ తేడా వస్తుంది, దాన్ని పట్టుకుని పిల్లల్ని తోలేవాళ్ళున్నారు.

ఇంకోటి అమెరికా ప్రొఫెసర్ కార్ల్ ఫోస్టర్ చెప్పిన పద్ధతి, ప్రాక్టీస్ అయిన అరగంటకి పిల్లని అడగాలి, ఈరోజు ఎంత కష్టంగా ఉంది, 0 నుంచి 10 లోపల ఒక అంకె చెప్పమ్మా అని. ఆ అంకెని ఎన్ని నిమిషాలు చేశామో దాంతో గుణించాలి. 60 నిమిషాలు చేసి 7 అంటే 420. వారం మొత్తం కూడితే ఆ వారం లోడ్. పోయిన వారం 1800 ఉండి ఈవారం ఒక్కసారే 3200 అయిందంటే మోకాలో పిక్కో పట్టేయడానికి మనమే దారి వేస్తున్నట్టు. అదే ప్రాక్టీస్ చేసి ముందు 5 చెప్పే పిల్ల ఇప్పుడు 8 చెప్తోందంటే ఏదో తేడా ఉంది. ఆ 800 మీటర్ల పిల్లని వాళ్ళు రోజూ ఇది ఒక్కటి అడిగి రాసుంటే రక్తం సంగతి మొదటి నెలలోనే బయటపడేది. కోచ్ అడగాలి, పిల్ల భయపడకుండా నిజం చెప్పాలి, ఎక్కువ అంకె చెప్పినందుకు తిట్లు పడకూడదు, అంతే మెషిన్.

ఎండాకాలం క్యాంపుల్లో ప్రాక్టీస్ ముందు ఒకసారి తర్వాత ఒకసారి బరువు చూడటం కూడా అంతే తేలిక. కేజీ తగ్గిందంటే ఇంచుమించు లీటర్ నీళ్ళు చెమటగా పోయాయి. 50 కేజీల పిల్లకి కేజీ అంటే 2 శాతం, అక్కడినుంచే పరుగు దెబ్బతింటుంది. మే నెలలో మన ఎండలకి ఈ లెక్క లేకుండా పిల్లల్ని పరిగెత్తించడం ప్రమాదం అని నేను గట్టిగా చెప్తాను.

కొలిచేదాన్ని సరిగ్గా కొలవడం అనేది ఇంకో పెద్ద కథ. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2020 జనవరిలో మూడబిద్రి యూనివర్సిటీ మీట్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది, అప్పటి నేషనల్ రికార్డ్ 13.38, అది 2002 నుంచి ఉన్నది. కానీ అక్కడ డోప్ టెస్ట్ జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ తరఫున రూల్స్ చూసే టెక్నికల్ డెలిగేట్ లేరు, అందుకని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09, ఈసారి వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లు, రూల్ 2.0 వరకే, అదీ పోయింది. చివరికి అదే మేలో సైప్రస్‌లో 13.23తో రికార్డ్ పుస్తకంలోకి ఎక్కింది, తర్వాత ఏడాది 12.78 దాకా వెళ్ళింది, పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్‌లో దిగిన మొదటి భారతీయురాలు అయింది. పరిగెత్తాల్సింది ఆ పిల్ల పరిగెత్తేసింది, టెస్ట్ ఏర్పాటు చేయాల్సిన పెద్దవాళ్ళు చేయలేదు, నష్టం ఎవరికి వచ్చింది? గాలికి రూల్ ఉన్నట్టే మన టెస్టులకి కూడా పద్ధతి ఉండాలి. ఒకసారి పొద్దున్న 6కి మట్టి గ్రౌండ్ మీద, ఇంకోసారి మధ్యాహ్నం 11కి సింథటిక్ మీద, ఒకసారి స్టాప్‌వాచ్ ఇంకోసారి ఎలక్ట్రానిక్, ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పిల్ల వెనకబడింది అని రాసేస్తే అది టెస్ట్ అనిపించుకోదు.

హర్డిల్స్ మాట వచ్చింది కాబట్టి, ఆడవాళ్ళ రేసులో 10 హర్డిల్స్, ఒకదానికి ఇంకోదానికి మధ్య 8.5 మీటర్లు, పెద్ద స్థాయి వాళ్ళకి ఆ ఒక్కో గ్యాప్‌కి సెకను, సెకను కంటే కొంచెం అటూ ఇటూ పడుతుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి కాలు నేలకి తగిలిన ఫ్రేమ్ ప్రతిచోటా చూసుకుంటే పిల్ల ఏ హర్డిల్ దగ్గర స్పీడ్ కోల్పోతోందో తెలిసిపోతుంది. నేను ఇలాగే చేస్తాను. ఆరో హర్డిల్ దాకా బాగుండి తర్వాత పడిపోతే ఒక రకం ట్రైనింగ్, మొదటి హర్డిల్‌కే లేటయితే ఇంకో రకం. మొత్తం టైమింగ్ ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకటే అనిపిస్తారు.

ఆట ఆటకీ టెస్ట్ మారాలి అనేది కూడా మర్చిపోతున్నారు. 2017 గ్లాస్గో బ్యాడ్మింటన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో సింధు, ఒకుహర 110 నిమిషాలు ఆడారు, ఒక ర్యాలీలో 73 షాట్లు. ఆ ఆటకి తిన్నగా పరిగెత్తించే టెస్ట్ ఎంతవరకు సరిపోతుంది? వంగి కాలు చాపి మళ్ళీ వెనక్కి లేవడం, అది వందలసార్లు, కోర్ట్ నాలుగు మూలలకీ. దానికి తగ్గట్టు కోర్ట్ మీదే టెస్ట్ పెట్టుకోవాలి. క్రికెట్‌లో అందరికీ ఒకటే గీత పెట్టడం మీద నా అభ్యంతరం కూడా ఇదే, ఫాస్ట్ బౌలర్‌కీ వికెట్ కీపర్‌కీ ఒళ్ళు చేసే పని ఒకటి కాదు.

2025 ఇంగ్లండ్ సిరీస్ అయ్యాక మన హైదరాబాద్ సిరాజ్ ఐదు టెస్ట్ మ్యాచ్‌లూ ఆడి 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీస్తే, ఓవల్‌లో 6 పరుగులతో గెలిపిస్తే, చాలామంది వర్క్‌లోడ్ మేనేజ్‌మెంట్ అంటే బౌలర్ మీద పడే భారం లెక్కచూసి విశ్రాంతి ఇవ్వడం అంతా బూటకం, బుమ్రాని మూడు మ్యాచ్‌లే ఆడించడం తప్పు అని రాశారు. నేను సిరాజ్ అభిమానిని, ఆ చివరిరోజు పొద్దున్న నేను కూడా అరిచాను. కానీ ఆ వాదన తప్పండి. బుమ్రా వెన్నుకి పాత గాయాలున్నాయి, యాక్షన్ వేరు, సిరాజ్ ఒళ్ళు వేరు. ఒకడు మోసినంత మాత్రాన ఇంకొకడు మోయాలని లేదు, మళ్ళీ అదే మాట, ఎవరి లెక్క వారిదే. డోపింగ్ పట్టుకునే వాళ్ళు కూడా ఇప్పుడు ఇదే దారిలో వచ్చారు, బయోలాజికల్ పాస్‌పోర్ట్ అని ఉంది కదా, సైక్లింగ్‌లో 2008లో మొదలైంది, అందులో ప్లేయర్ రక్తాన్ని తన పాత రక్తంతోనే పోలుస్తారు.

చిన్నపిల్లల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ నాలుగో క్లాస్ అడ్మిషన్లకి ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్, 800 మీటర్లు ఇలా టెస్టులు పెడతారు, అది మంచి పద్ధతే, సిఫార్సు కంటే వందరెట్లు నయం. కానీ పిల్లలు ఒకే వయసులో పెరగరు, ఎత్తు గబగబా పెరిగే దశ ఆడపిల్లలకి సుమారు 12కి మగపిల్లలకి సుమారు 14కి వస్తుంది, అదీ ఒకరికి రెండేళ్ళు ముందు ఒకరికి రెండేళ్ళు వెనక. ముందు ఎదిగినవాడు అండర్-14లో అందరినీ కొట్టేస్తాడు, వెనక ఎదిగేవాడు నాకు ఆట రాదేమో అని మానేస్తాడు, అసలు టాలెంట్ వాడిదే అయ్యుండొచ్చు. మూడు నెలలకోసారి ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు రాసుకుంటే ఎవరు ఏ దశలో ఉన్నారో తెలుస్తుంది, టేపు చాలు. ఆ గబగబా పెరిగే నెలల్లోనే మోకాళ్ళ నొప్పులొస్తాయి, అప్పుడు జంపులు తగ్గించాలి.

చివరగా, టెస్ట్ అంటే మనిషి ఒంటి రహస్యం అనే విషయం. స్ప్రింటర్ ద్యుతీ చంద్ ఒడిశా అమ్మాయే అయినా హైదరాబాద్‌లోనే ట్రైనింగ్ చేసింది కాబట్టి మనందరికీ తెలుసు. 2014లో హార్మోన్ టెస్టుల పేరుతో గ్లాస్గో కామన్‌వెల్త్ గేమ్స్‌కి ముందు పక్కన పెట్టారు, ఆ పిల్ల ఒంటి సంగతి దేశమంతా చర్చ చేశారు, అప్పటికి తనకి 18 ఏళ్ళు. తను క్రీడల తగాదాలు తీర్చే కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్‌కి వెళ్ళి పోరాడితే 2015 జూలైలో, మగ హార్మోన్ ఎక్కువున్న ఆడవాళ్ళు ఆడవాళ్ళ పోటీకి రాకూడదన్న ఆ రూల్‌ని నిలిపేశారు, 2016లో రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరిగెత్తింది. ఆ ధైర్యం అందరికీ ఉండదు. ఇవాళ స్పోర్ట్స్ హాస్టళ్ళలో రక్తం తీసుకునేటప్పుడు ఎందుకు తీస్తున్నాం అని పిల్లకి తెలుగులో చెప్పేవాళ్ళు ఎంతమంది? 2023లో వచ్చిన డేటా చట్టం ప్రకారం 18 లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఆ సంతకం తీసుకునే కాయితం మీద ఏముందో చదివి వినిపించాలి. వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల బరువులు, కొవ్వు శాతాలు పేర్లతో సహా పెట్టడం నేను చూశాను, ఆడపిల్లలు ఆ లిస్ట్ చూసి అన్నం మానేయడం కూడా చూశాను. దయచేసి అది ఆపండి.

రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థల వాళ్ళకి మీ పేపర్ ద్వారా నేను అడిగేది ఇది. మెషిన్లు కొనేముందు ప్రతి స్పోర్ట్స్ స్కూల్లో స్పోర్ట్స్ సైన్స్ చదివిన మనిషిని ఒకరిని పర్మినెంట్‌గా వేయండి, మెషిన్ వచ్చి అట్టపెట్టెలోనే ఉండిపోవడం ఎవరికీ కొత్త కాదు. చేరిన రోజు, తర్వాత ఆరు నెలలకోసారి హిమోగ్లోబిన్, ఆడపిల్లలకి ఫెరిటిన్ కూడా చూడండి, చేరినప్పుడు ఒక ఈసీజీ తీయండి. ప్రతి పిల్లకీ ఒక బుక్ ఇవ్వండి, చిన్నపిల్లలకి టీకాల కార్డ్ ఇస్తారు కదా అలాంటిదే, అందులో ప్రతి టెస్ట్ రిజల్ట్ తెలుగులో, దాని కింద ఇప్పుడు ఏం చేయాలి అనే ఒక్క లైన్, అది పిల్ల దగ్గరే ఉండాలి, కోచ్ మారినా ఊరు మారినా తనతో వెళ్ళాలి. ఒక టెస్ట్ ఆధారంగా ఎవరినైనా క్యాంప్ నుంచి తీసేయాలంటే ముందు బాగుపడటానికి టైమ్ ఇచ్చి, మళ్ళీ అదే పద్ధతిలో టెస్ట్ పెట్టి, డాక్టర్ చూశాకే తీసేయాలని రూల్ రాయండి. వచ్చే జూన్ అడ్మిషన్లకి ఆ బుక్ అయినా అచ్చు వేయించగలరా? వేయిస్తామంటే తెలుగులో రాసిపెట్టడానికి నాలాంటి రిటైర్డ్ పీఈటీలు చాలామంది పైసా తీసుకోకుండా వస్తారు, నేనైతే రేపే వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
తూర్పు గోదావరి జిల్లా